బిడ్డ నెత్తి మీద ఒట్టు

జమ్మలమడుగులో పావని కుట్టుమిషను దగ్గర ఎవరూ ఒట్టు పెట్టుకోకూడదు. గోడ మీద బోర్డేమీ లేదు. కానీ జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు మాటల్లో పడి, "మా పిల్లోని మీద ఒట్టు, పోయినసారి చంక బిగుతుగా కుట్టినావు" అన్నారంటే అయిపోయినట్టే. మిషను ఆగిపోతుంది. పావని ఆ గుడ్డ మడిచి వాళ్ళ చేతిలోనే పెట్టి, "చంక బిగుతైతే బిగుతని చెప్పు. పిల్లోన్ని యాల లాగుతాండావు మధ్యలోకి?" అని కడిగేస్తుంది. కొత్తవాళ్ళు బిత్తరపోతారు. పాతవాళ్ళు నాలుక కరుచుకుని, "తప్పయిపాయ లేమ్మా, కుట్టు" అంటారు. కుట్టు బాగుంటుంది కాబట్టి కోపాన్ని భరిస్తారు.

ఆ కోపం పుట్టుకతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. శుద్ధ అబద్ధం. తొండూరులో పెరిగినన్నాళ్ళూ ఆమె ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడిన పాపాన పోలేదు. పెద్దముడియం దగ్గర పల్లెలో రెడ్ల ఇంటికి కోడలిగా వచ్చాక కూడా పదేళ్ళు తలవంచుకునే ఉంది. కోపం ఆమెకు ఒకే ఒక్క రోజున, ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో ఒక చిన్న గది ముందర బల్ల మీద కూర్చుని ఉండగా వచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు. పోకపోవడమే ఆ ఇంటికి మంచిదైంది.

ఆమె మొగుడు మహేష్ చెడ్డవాడు కాదు. ఈ మాట ఒప్పుకోవాలంటే పావనికి ఒళ్ళు మండుతుంది, అయినా నిజం నిజమే. నల్లరేగడిలో శనగ వేసుకుని, సొంత ట్రాక్టరు తోలుకుని బతికే మనిషి. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున చేనిగట్టు దగ్గర ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే తండ్రి చక్రం కింద పడ్డాడు. తోలుతున్నది మహేషే. తండ్రిని మట్టిచేసి వచ్చిన నాటి నుంచి అతనికి నిద్ర లేదు. కళ్ళు మూస్తే చక్రం కనిపించేది. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చని అతనికి తెలియదు. అడగాలని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. దినాలు చేసిన రోజు పెదనాయన నారాయణరెడ్డి భుజం తట్టి, "మొగోనివప్పా, ఇట్లా కూలబడితే ఎట్లా?" అని గ్లాసు తెప్పించి చేతికిచ్చాడు. తాను మాత్రం ముట్టనన్నాడు. ముట్టడని ఊరంతా చెప్పుకునేది కూడా. ఆ రోజు మహేష్ నిద్రపోయాడు. తర్వాత ఆ నిద్రకోసం రోజూ తాగాడు.

ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బని అనుకోలేదు. మొదట్లో, మొగోళ్ళు తాగరా ఏంది అన్నారు. ఒక పెండ్లి పందిట్లో, వచ్చిన చుట్టాలందరి ముందర అతను వడ్డన బల్ల మీద పడిపోయాక గానీ వాళ్ళ కళ్ళు తెరుచుకోలేదు. తెరుచుకున్న కళ్ళకు కూడా పోయిన పరువే కనపడింది. మనిషి కనపడలేదు.

అత్త వనజమ్మ ముందుగా చేసిన వైద్యం పొట్లం. పులివెందుల అవతల ఎవరో ఇస్తాడని విని, రెండు బస్సులు మారి పోయి తెచ్చింది. తాగేవాడికి చెప్పకుండా తిండిలో కలపాలట. తాగనివాళ్ళు తిన్నా ఏమీ కాదట. తాగినవాడు తింటే పేగులు నోట్లోకొచ్చి, మళ్ళీ జన్మలో సీసా వైపు చూడడట. వనజమ్మ దాన్ని చింతచిగురు పప్పులో కలిపి పెట్టింది. ఆ మధ్యాహ్నం పిలవని పేరంటంగా నారాయణరెడ్డి వచ్చాడు. ఆయన వనజమ్మకు బావ, ఊరికి మాజీ సర్పంచి. అన్నం తిని పొమ్మనకపోతే తప్పు. పప్పు వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. తాగనివాడే గదా అని ధైర్యం చేసి వడ్డించింది.

గంట తిరక్కుండా పెరట్లో ఇద్దరూ పక్కపక్కన వంగి కక్కుతున్నారు. మహేష్ సంగతి సరే. జన్మలో చుక్క ముట్టలేదని చెప్పుకునే పెద్దమనిషి, పంచాయితీలో కూర్చుని తాగుబోతులను నిలబెట్టి తిట్టే మనిషి, మందారం చెట్టు పట్టుకుని ఊగిపోతున్నాడు. పావని చెంబుతో నీళ్ళిచ్చింది. వనజమ్మ, "ఎండదెబ్బ, బావకు ఎండదెబ్బ తగిలింది" అని వీధిలోకి వినపడేటట్టు చెప్పింది. పావని కూడా నోరు మూసుకుంది. ఆయన సాయంత్రానికి లేచి ఇంటికి పోయాడు. మహేష్‌కు మూడు రోజులు సెలైను పెట్టించాల్సి వచ్చింది. నాలుగో రోజు అతను మళ్ళీ తాగాడు. అసలు ఆ పొట్లంలో ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పొట్లం పనిచేయకపోయేసరికి నారాయణరెడ్డే ఒట్టు మాట తెచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తగవులు తేలకపోతే గుళ్ళో కర్పూరం ఆర్పించడం ఉంది. వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి కొట్టి, మాట చెప్పి ఆర్పేస్తే ఇంక ఆ మాట తప్పడానికి లేదు. మహేష్‌తో చౌడమ్మ గుళ్ళో కర్పూరం ఆర్పించాలన్నాడాయన. "ఉత్త ఒట్టయితే వీడు నిలబడడు. కూతురి నెత్తిన చెయ్యి పెట్టించి ఆర్పిద్దాం. బిడ్డంటే ప్రాణం గదా, బయపడతాడు" అన్నాడు. ఆ మాటకు ఇంటిల్లిపాదీ తలలూపారు. ఊపిన తలల్లో పావనిది కూడా ఉంది.

ఇదీ ఆమె తనను తాను ఈనాటికీ క్షమించుకోలేని సంగతి. శుక్రవారం బడి మాన్పించింది. అమూల్యకు తలంటు పోసింది. రెండు రోజులు కూర్చుని తన చేత్తో కుట్టిన పచ్చ పావడా కట్టించింది. తొమ్మిదేళ్ళ పిల్ల, పండుగేదో ఉందనుకుని గంతులేసుకుంటూ వచ్చింది. గుళ్ళో ఇరవైమంది దాకా ఉన్నారు. పళ్ళెంలో కర్పూరం వెలుగుతుంటే పిల్ల కాస్త జంకి వెనక్కి తగ్గింది. అప్పుడు దాని రెక్క పట్టి ముందుకు నిలబెట్టింది పావనే.

మహేష్ ఎడమచెయ్యి కూతురి నెత్తి మీద పెట్టాడు. నారాయణరెడ్డి ఒక్కొక్క మాటా అందించాడు. "ఈ పొద్దు మొదలు చుక్క ముట్టినానంటే, ఈ బిడ్డ నాకు దక్కదు." మహేష్ ఆ మాటలన్నీ తిరిగి చెప్పి, కుడిచెయ్యి కర్పూరం మీద కొట్టాడు. అమూల్య తలెత్తి తండ్రిని చూసింది. తర్వాత తల్లిని చూసింది. పావని నవ్వుతూ తలూపింది, భయపడొద్దని. పిల్ల అడగాలనుకున్నది ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

మహేష్ పంతొమ్మిది రోజులు తాగలేదు. ఎట్లా ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి. రెండో రోజు ఒళ్ళంతా చెమటలు. మూడో రోజు మంచం మీద ఫిట్సు వచ్చి నోట్లో నురగ కారింది. "అమ్మవారు లోపలుండే తాగుడు దయ్యాన్ని పట్టుకోని కొడతాండాది" అని వనజమ్మ నిమ్మకాయ తిప్పింది. ఆసుపత్రికి తీసుకుపోవాలన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎట్లాగో బయటపడ్డాడు. కానీ నిద్ర రాలేదు, చక్రం పోలేదు. ఇరవయ్యో రోజు సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు అమూల్య ఎప్పటిలాగే పరుగెత్తిపోయి నడుము చుట్టేసుకుంది. వెంటనే వదిలేసింది. తండ్రి ముఖంలోకి చూసి, మెల్లగా వెనక్కి నడిచి, గోడకానుకుని నిలబడింది.

ఆ వారం నుంచే కడుపునొప్పి మొదలైంది. అన్నం ముందర కూర్చుంటుంది, రెండు ముద్దలకే లేస్తుంది. రోడ్డు దాటమంటే దాటదు. తోటి పిల్లలు ఊయల ఎక్కమంటే దూరంగా నిలబడుతుంది. ఒకరోజు బడి నుంచి జామెట్రీ పెట్టె లేకుండా వచ్చింది. స్నేహితురాలికి ఇచ్చేశానంది. మరునాడు రంగు క్లిప్పులన్నీ ఇచ్చేసింది. పచ్చ పావడా కూడా పక్కింటి పిల్లకు ఇస్తానంటే పావని వీపు మీద ఒకటి వేసింది, "కుట్టిన చేతికి విలువ ల్యాకుండా పాయ" అని. పిల్ల ఏడవలేదు. ఆ ఏడవకపోవడమైనా తల్లికి కనపడలేదు.

మహేష్ తాగుతున్నాడని ఊరందరికీ తెలిసిపోయింది. పిల్ల చిక్కిపోతున్నదీ తెలిసింది. రెండింటినీ ముడిపెట్టడానికి ఎంతసేపు? "ఒట్టు తప్పినాడు, బిడ్డకు తగులుకుంది" అని వనజమ్మ పిల్ల పక్కన కూర్చునే ఏడ్చింది. ప్రొద్దుటూరులో స్కానింగు తీయించారు, రక్తం పరీక్ష చేయించారు. ఏమీ లేదన్నారు. ఏమీ లేదంటే ఒట్టు తగిలినట్టేనని ఇంటిల్లిపాదీ తేల్చుకున్నారు. పావని కూడా నమ్మింది. నమ్మి, ఒకరోజు మొగుడి చొక్కా పట్టుకుని, పిల్ల చూస్తుండగానే, "నా బిడ్డను తింటాండావు గదయ్యా! ఇంగెంత కావాల నీకు?" అని అరిచింది. ఆ మాట విన్నప్పుడు పిల్ల ముఖం ఎట్లా ఉందో తలచుకుంటే పావనికి ఇప్పటికీ మిషను మీద చెయ్యి నిలబడదు.

జమ్మలమడుగులో మహమూదా అని ఒకామె ఉంది. పావనికి కుట్టు నేర్పింది ఆమే. పల్లె నుంచి వారానికోసారి జాకెట్ల మూట తెచ్చి ఇవ్వడానికి పోయినప్పుడు పావని ఈ గోడునంతా ఆమె ముందు వెళ్ళబోసుకుంది. మహమూదా తలూపలేదు, అయ్యో అనలేదు. సాంతం విని, "పిల్లను ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తీస్కపో. మనసు డాక్టరమ్మ ఉంటాది. మా తమ్ముడు అన్సర్ కువైటు నుంచి వచ్చినాక ఆయమ్మ దగ్గరికే పోయినాడు. ఇప్పుడు బాగుండాడు" అంది.

పావని ఒంటికాలి మీద లేచింది. "నా బిడ్డకేం పిచ్చా?"

"పిచ్చి నీ బిడ్డకు గాదు. మీ ఇంటికి" అంది మహమూదా. "పసిబిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి, సస్తాదని గుళ్ళో నిలబడి చెప్పినారే, అది పిచ్చి గాకపోతే ఏంది?"

పావని మూట అక్కడే పడేసి వచ్చేసింది. వారం రోజులు మహమూదాను మనసులో తిట్టుకుంది. ఎనిమిదో రోజు అమూల్య బడిలో కళ్ళు తిరిగి పడిపోయిందని కబురొస్తే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పిల్లను తీసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కింది.

డాక్టరు పేరు భార్గవి. ముప్పై ఐదేళ్ళు కూడా ఉండవు. పిల్లతో విడిగా మాట్లాడాలని పావనిని బయట కూర్చోమంది. ముప్పావుగంట అయింది. తలుపు తీసి, పిల్లను నర్సు దగ్గర కూర్చోబెట్టి, పావనిని లోపలికి పిలిచింది.

"మీ అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగిందమ్మా" అంది డాక్టరు. "ఒట్టు తప్పిన తర్వాత ఎన్ని రోజులకు చచ్చిపోతారు మేడమ్, అని."

పావని తలుపు వైపు, పిల్ల కూర్చున్న వైపు తిరిగింది.

"బొమ్మలు, క్లిప్పులు అందరికీ ఎందుకు ఇచ్చేసిందో తెలుసా? తను పోయాక మీరు వాటిని చూసి ఏడుస్తారని. రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న నోరు వాసన చూస్తుందట. వాసన వస్తే, ఈ రోజేనేమో అనుకుంటుందట. ఇదంతా రెండు నెలలుగా ఒక్కతే మోస్తోంది."

"గుడికి తీస్కపోయింది నేనే మేడమ్" అంది పావని. "నేనే దాన్ని ముందరికి తోసినా."

డాక్టరు ఆమెను ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే పావని ఆ గదిలోకి మళ్ళీ అడుగు పెట్టేది కాదేమో. మహేష్ గురించి అడిగింది. ఫిట్సు సంగతి వినగానే కలం కింద పెట్టింది. "అంత తాగే మనిషి మందుల్లేకుండా ఒక్కసారిగా మానేస్తే ప్రాణం పోవచ్చు. ఆ మూడో రోజు మీ ఆయన బతకడం మీ అదృష్టం. తాగుడు జబ్బమ్మా. దానికి వార్డుంది, మందులున్నాయి. తండ్రి విషయంలో అతని మనసులో ఉన్నదానికి కూడా వైద్యముంది. ఒట్టు మాత్రం మందు కాదు. అమ్మాయికి నేను చెప్పాను, ఒట్టుకీ నీ ప్రాణానికీ సంబంధం లేదని. విన్నది. కానీ నమ్మలేదు. పెట్టినవాళ్ళు తీసేస్తేనే తను నమ్ముతుంది."

బయట బల్ల మీద కూర్చుని పిల్లకు రాసిన మందుచీటీ కోసం ఎదురుచూస్తున్నప్పుడు పావనికి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మవారి మీద కాదు. అమ్మవారు బిడ్డ ప్రాణం అడగలేదు. ఇరవైమంది పెద్దమనుషులు, ఒక్కరికి కూడా నోరు రాకుండా, ఒక తొమ్మిదేళ్ళ పిల్లను తాళంగా వాడుకున్నారు, సీసాకి వేయడానికి. ఆ తాళం బిగించిన చేతుల్లో తన చెయ్యీ ఉంది. తన మీద తనకు పుట్టిన కోపం అందరి మీది కోపం కన్నా పెద్దదైపోయింది. దాన్ని మింగడానికి ఈసారి ఆమెకు చేతకాలేదు.

ఇంటికి వచ్చేసరికి నారాయణరెడ్డి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వనజమ్మ గడప దగ్గర నిలబడింది. మహేష్ గోడవారగా, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పంచాయితీ అప్పటికే తేలినట్టుంది.

"యాడికి పోయింటివమ్మా పావనీ? సరే, విను" అన్నాడు నారాయణరెడ్డి. "ఒట్టు తప్పినాడు కాబట్టి బిడ్డకు ఇట్లయితాండాది. దీనికి ఒకటే దోవ. వచ్చే శుక్రవారం పెద్దగుడిలో ఇంగొక తూరి ప్రమాణం చేయిస్తాం. ఈసారి గట్టిగా."

"ఎవురి నెత్తిన?" అంది పావని.

"ఎవురిదేంది? బిడ్డదే. వానికి ఇంగెవురుండారు?"

పావని అమూల్యను తన వెనక్కి లాక్కుంది. "నీ మనవని నెత్తిన చెయ్యి పెట్టు మామా. పెట్టి, చుక్క ముట్టనని నువ్వార్పు కర్పూరం."

"ఏం మాట్లాడతాండావు నువ్వు?" నారాయణరెడ్డి చటుక్కున లేచాడు. "వాన్ని యాల తెస్తావు ఇందులోకి?"

"చూసినావా? నీ మనవడైతే పేరు గూడా ఎత్తగూడదు. నా బిడ్డ నెత్తయితే దావన పొయ్యే ప్రతివాడూ చెయ్యి పెట్టొచ్చు. పొద్దుగూకితే మిద్దె మీద నువ్వు తాగేది ఎవురికీ తెలీదనుకున్యావా? చింతచిగురు పప్పు తిని పెరట్లో కక్కిన పొద్దే తెల్సిపాయ. చెంబుతో నీళ్ళిచ్చింది నేనే. నోరు మూసుకున్యా. ఇట్లాంటివన్నీ నోరు మూసుకోని చూసినందుకే నా బిడ్డ ఈ పొద్దు డాక్టరమ్మను అడిగింది, ఒట్టు తప్పితే ఎన్ని దినాలకు సచ్చిపోతారు మేడమ్ అని!"

వీధిలో పోయేవాళ్ళు ఆగారు. వనజమ్మ, "మానం పాయ, మానం పాయ" అని నెత్తి కొట్టుకుంది. నారాయణరెడ్డి చెప్పులు వెతుక్కుని, ఒకటి తొడుక్కుని ఒకటి ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత ఊళ్ళో, మహేష్ పెండ్లాంకు పొగరెక్కిందని చెప్పుకున్నారు. ఆమె అన్నదాంట్లో ఏది అబద్ధమో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మహేష్ తలెత్తాడు. "నిజంగా అట్లడిగిందా?" అన్నాడు.

"అడిగింది. నేను జమ్మలమడుగు పోతాండా, బిడ్డను తీసుకోని. నువ్వు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేరతావో, ఈడనే ఉండి సస్తావో, నీ ఇష్టం. నీ చేత నేను ఒట్టు మాత్రం పెట్టించుకోను."

అతను లేచాడు. చొక్కా వేసుకుని వాళ్ళ వెనకే బస్టాండుకు నడిచాడు. వార్డులో పన్నెండు రోజులున్నాడు. ఈసారి వణుకు వచ్చినప్పుడు నిమ్మకాయలు తిప్పలేదు, మందులిచ్చారు. చక్రం సంగతి జీవితంలో మొదటిసారి భార్గవి ముందర నోరు తెరిచి చెప్పాడు. చెబుతుంటే గంటసేపు ఏడ్చాడని పావనికి తర్వాత తెలిసింది. పదేళ్ళు కాపురం చేసి, ఆ చక్రం మాట తానెన్నడూ అడగలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అందుకు కూడా కోపమొచ్చింది. అది ఎవరి మీద చూపించాలో తెలియక రెండు రోజులు జాకెట్లన్నీ వంకరగా కుట్టింది.

మహమూదా ఇంటి పక్కనే రెండు గదులు చూసుకున్నారు. మహేష్ శనగల గోడౌనులో పనికి కుదిరాడు. పదిహేను రోజులకోసారి ప్రొద్దుటూరు పోయి డాక్టరుకు కనపడి వచ్చేవాడు. పావని, అమూల్య కూడా పోయేవాళ్ళు. "మీ కోపాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను" అంది భార్గవి ఒకసారి పావనితో. "అది ఎవరి ముందు, ఎవరి మీద పడుతోందో మాత్రం చూసుకోండి." బిడ్డ ముందర మొగుడి చొక్కా పట్టుకున్న రోజు పావనికి గుర్తొచ్చింది. తల దించుకుంది.

నాలుగు నెలలు అతను తాగలేదు. అమూల్య తినడం మొదలుపెట్టింది, ఒళ్ళు చేసింది, బడిలో కబడ్డీ జట్టులో చేరింది. చూసేవాళ్ళకు అంతా సర్దుకున్నట్టే. పావనికి మాత్రం లోపల పీకుతూనే ఉంది. సాయంత్రం తండ్రి రాగానే పిల్ల ఇంకా దగ్గరికి పోయి మెడ వంచమని వాసన చూస్తోంది. చూసి, హమ్మయ్య అనుకుని, అప్పుడు అన్నానికి కూర్చుంటోంది. పిల్ల బాగుపడలేదు. భయం వాయిదా పడిందంతే. ఒట్టు దాని నెత్తి మీదే ఉంది. మహేష్ ఒక్కరోజు జారితే పిల్ల మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ రోజు రానే వచ్చింది. తండ్రి సంవత్సరీకానికి మహేష్ శనివారం తెల్లారే బయల్దేరి పల్లెకు పోయాడు. సాయంత్రం తిరిగి రాలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. ముఖం చూడగానే పావనికి తెలిసిపోయింది.

"ఎంత?" అంది.

"అడగొద్దు. ఆ గట్టు కాడికి పోయినా. నిలబడల్యాకపోయినా." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "డాక్టరమ్మకు ఫోను చేసినా. రేప్పొద్దున రమ్మనింది. మళ్ళా చేర్చుకోవాల్నేమో చూస్తానన్యాది. పోతా."

లోపల అమూల్య హోంవర్కు రాసుకుంటోంది. పావని తలుపు దగ్గరికి లాగింది. కోపంతో తిట్టబోయింది. కానీ నోట్లోంచి వచ్చిన మాట విని ఆమే నివ్వెరపోయింది. "దానికి చెప్పొద్దు. పోయి స్నానం చెయ్, యాలకులు నమిలి రా. ఊళ్ళో పనుండి నిలబడిపోతినని చెప్పు. బిడ్డ బతకనీ."

"చెప్పకపోతే అది వాసన చూస్తాది" అన్నాడు మహేష్. "ఈ పొద్దు దాచిపెడితే, జన్మంతా చూస్తానే ఉంటాది."

ఆమె అడ్డం నిలబడే ఉంది. అతను పక్కనుంచి లోపలికి పోయి, పిల్ల ముందర నేల మీద కూర్చున్నాడు. చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మా, నిన్న నేను తాగినా" అన్నాడు.

పిల్ల చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుడిచెయ్యి తన గుండె మీద పెట్టుకుని అట్లాగే కూర్చుంది. పావనికి అడుగు పడలేదు. దగ్గరికి పోతే పిల్ల ఏమవుతుందో, పోకపోతే ఏమవుతుందో తెలియలేదు.

"ఎప్పుడు తాగినావు?" అంది అమూల్య.

"నిన్న. పొద్దున పదింటికి మొదలుపెట్టినా."

పిల్ల గోడ గడియారం వైపు చూసింది. పెదవులు కదులుతున్నాయి. "పదింటికా? అప్పుడు మాకు లెక్కల పీరియడు. దాని తర్వాత తెలుగు. మధ్యాన్నం కబడ్డీ. నేను ముగ్గుర్ని అవుటు చేసినా." ఆగింది. "నువ్వు అప్పటికే తాగినావు గదా?"

"తాగినా."

"సాయంత్రం జొన్నరొట్టె తిన్యా. పండుకున్యా. లేచినా." తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "నాకేం కాలా."

"నీకేం కాదమ్మా. ఎప్పుడూ కాదు. ఆ పొద్దు గుళ్ళో చెప్పింది అబద్ధం. నేను తాగేది నా జబ్బు. దానికీ నీకూ ఏం సంబంధం ల్యా."

అమూల్య లేచి నిలబడింది. ఏడుస్తుందనుకుంది పావని. పిల్ల ఏడవలేదు. హోంవర్కు పుస్తకం తీసి తండ్రి ముఖాన కొట్టింది. తర్వాత పిడికిళ్ళతో అతని భుజాల మీద, ఛాతీ మీద, దొరికిన చోటల్లా కొట్టింది. "మరి నా నెత్తిన యాల చెయ్యి పెట్టినావు? నేను సచ్చిపోతాననుకున్యా! దినామూ అనుకున్యా! నా క్లిప్పులన్నీ ఇచ్చేసినా! యాల పెట్టినావు? ఎవురు పెట్టమనిరి?" ఇన్ని నెలల్లో ఆ ఇంట్లో పిల్ల గొంతు అంత పెద్దగా వినపడడం అదే మొదలు. పక్కింట్లో మహమూదా గోడ దగ్గరికి వచ్చి తొంగిచూసింది, చూసి వెనక్కి పోయింది.

మహేష్ చేతులు అడ్డం పెట్టుకోలేదు. పావని ఆపలేదు. గుళ్ళో రెక్క పట్టి ముందుకు నిలబెట్టింది ఎవరో పిల్లకు బాగా తెలుసు. అందుకే ఆమె తలుపు పక్కన, కదలకుండా, తన వంతు వచ్చేదాకా నిలబడింది.